శామీర్‌పేట: మారుమూల అన్న మాటకు అర్థమేమిటి?

మన పల్లె కథల్లో "మారుమూల గ్రామం" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టినవాళ్ళున్నారో లేదో నాకు తెలియదు. బస్సు దిగాలి, నాలుగు మైళ్ళు నడవాలి, మధ్యలో ఒక వాగు దాటాలి. పట్నం నుంచి వచ్చిన కథానాయకుడు ఆ ఊళ్ళో మంచితనాన్నో మూఢత్వాన్నో చూసి వెళ్ళిపోతాడు. మారుమూల అని అనేశాక రచయిత ఇక ఆ ఊరిని గురించి ఏమీ చెప్పనక్కర లేనట్టే ఉంటుంది. కాని దేనికి మూల? ఎవరికి మూల? ఈ ప్రశ్నను పరిశీలించడానికి సముద్రాలు దాటి ఏ ఇండోనేషియా దీవికో పోనక్కర లేదు. హైదరాబాదుకు ఉత్తరాన కరీంనగర్ రోడ్డు మీద ఉన్న శామీర్‌పేట చాలు.

1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం గ్రామాల్లో ఒక సామాజిక సేవా పథకం నడిపింది. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం, విద్య వంటి శాఖలవారు కలిసి ఊళ్ళకు వెళ్ళారు. ఆ సందర్భంలో ప్రొఫెసర్ శ్యామాచరణ్ దూబే శామీర్‌పేటను ఇల్లిల్లూ, కులం కులం పరిశీలించాడు. ఆ పరిశీలనే 1955లో లండన్‌లో అచ్చయిన "ఇండియన్ విలేజ్". అదే సంవత్సరం ఎం.ఎన్. శ్రీనివాస్, మెకిమ్ మేరియట్‌ల సంపాదకత్వంలో భారత గ్రామాల మీద మరి రెండు వ్యాస సంకలనాలు వచ్చాయి. మన పక్కనే ఉన్న ఊరు ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశమైంది. అయినా తెలుగు సాహిత్య విద్యార్థుల్లో ఈ పుస్తకం తిరగేసినవాళ్ళు నాకు అరుదుగానే కనిపించారు.

ఇంచుమించు అదే కాలంలో, 1952-54 మధ్య, క్లిఫర్డ్ గీర్ట్జ్ తూర్పు జావాలోని ఒక చిన్న పట్టణాన్ని పరిశీలించాడు. దానికి "మోజోకుతో" అని మారుపేరు పెట్టి రాశాడు. దూబే మాత్రం శామీర్‌పేటను శామీర్‌పేట అనే అన్నాడు. అందువల్ల ఆయన రాసినదాన్ని చేతబట్టుకొని ఆ ఊరికి వెళ్ళి, ఏది నిలిచింది, ఏది పోయింది అని అడిగే అవకాశం మనకుంది. నేను ఆ పని కొంత చేశాను.

భారత గ్రామం తనలో తాను సంపూర్ణమైన చిన్న గణతంత్రమని 1830లో చార్లెస్ మెట్కాఫ్ అన్నాడు. ఆ అభిప్రాయం తరవాతి మేధావులకు చాలామందికి అంటుకుంది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ దాన్ని ఎంత తీవ్రంగా తిరస్కరించాడో మనకు తెలుసు. దూబే వాదనకు దిగలేదు, వివరాలు పేర్చాడు. పిల్లనిచ్చేది పొరుగూళ్ళకు. కులం తగవు తీర్చే పెద్దలు ఒక్క ఊరివాళ్ళే కారు. జాతరలు, అంగళ్ళు, బంధుత్వాలు అన్నీ ఊరి పొలిమేర దాటినవే. పల్లె ఒంటరి దీవి కాదు. చుట్టూ ఉన్న అనేక ఊళ్ళతో, రాజ్యంతో ముడిపడి ఉన్నదే. ఇక దూరమంటారా? శామీర్‌పేట నగరానికి దగ్గరే. పక్కనున్న మేడ్చల్‌కు నిజామాబాదు రోడ్డూ, నిజాం కాలంనాటి రైలుమార్గమూ ఉన్నాయి.

కనుక మైళ్ళను బట్టి ఈ ఊళ్ళు మారుమూలవి కావు. శిస్తుకు అవి ఏనాడూ మూల కావు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ముగ్గురూ ఊళ్ళోనే కూర్చుని రాజ్యాన్ని ప్రతి గడపకూ తెచ్చారు. డాక్టరు, న్యాయస్థానం మాత్రం ఆ కాస్త దూరం దాటి రాలేదు. మారుమూలతనం భౌగోళికమైనది కాదు, అది ఒక సంబంధం. తీసుకుపోయేవాడికి దగ్గర, ఇవ్వవలసినవాడికి దూరం.

రచయితలకు ఆ పుస్తకంలో అన్నిటికంటె పనికివచ్చేది నా దృష్టిలో ఒక చిన్న విశ్లేషణ. శామీర్‌పేటలో మనిషి అంతస్తును నిర్ణయించే అంశాలు ఆరని దూబే చెప్పాడు: మతమూ కులమూ, భూమి, సంపద, సర్కారు కొలువులోగాని ఊరి వ్యవస్థలోగాని ఉన్న పదవి, వయస్సు, వ్యక్తిగత స్వభావం. ఇవి వేరువేరు పెట్టెలు కావు. కులంలో పైవాడు భూమి లేక చితికిపోవచ్చు. భూమి ఉన్నవాడు పట్వారీ కలం ముందు తలవంచవచ్చు. నోరున్న ముసలి చాకలి ఆమె మాట కాపు ఇంట్లో చెల్లవచ్చు, కాని ఆమె కూచునే చోటు మాత్రం మారదు. మన కథల్లో భూస్వామి అంటే మీసాలు, పేదవాడు అంటే కన్నీళ్ళు. ఈ ఆరు దారాలూ ఒక పాత్రలో ఎలా పెనవేసుకున్నాయో చూడని రచయిత వర్గపోరాటాన్ని ఎంత గట్టిగా సమర్థించినా అతని పాత్రలు అట్టబొమ్మలుగానే మిగులుతాయి.

చాకలి, మంగలి, కమ్మరి, వడ్ల, కుమ్మరి రైతు ఇంటికి ఏడాదంతా పనిచేసి పంట కల్లంలో గింజల వంతు తీసుకొనే పద్ధతిని కొందరు పరస్పర సహకారమని మెచ్చుకుంటారు. సహకారం ఉన్న మాట నిజమే. కాని కల్లంలో కొలిచే చెయ్యి ఎవరిది? కొలత తక్కువైతే పని మానుకొనే స్వేచ్ఛ ఎవరికుంది? దీని పక్కనే గింజ కూడా ఇవ్వని వెట్టి ఉంది. అధికారి ఊళ్ళోకి వస్తే మూట మోయడం, కబురు తీసుకుపోవడం, కట్టెలు కొట్టడం మాల మాదిగల మీదా ఇతర సేవక కులాల మీదా పడేది. ఈ రెండింటినీ కలిపేసి రాసినవాళ్ళు పల్లె మీద ప్రేమతోనే రాసి ఉండవచ్చు, కాని నిజం రాయలేదు.

దూబేకు కూడా పరిమితి ఉంది. ఆయన పుస్తకం ప్రధానంగా ఊరి నిర్మాణాన్నీ, ఆచారాలనూ, కుటుంబాన్నీ, జీవన స్థాయిలనూ వివరిస్తుంది. మార్పుకు ఆఖరున చోటిచ్చాడు. కాని ఆయన ఊళ్ళో అడుగుపెట్టిన సమయమెటువంటిది? 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1951 అక్టోబర్‌లో తెలంగాణ సాయుధ పోరాట విరమణ, 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికలు. ఇంతటి ఉధృతి నడుమ సమాజ నిర్మాణాన్ని నిలకడగా చిత్రించడం శాస్త్రజ్ఞుడికి వీలైంది. మన నవలాకారులకు అది చాలలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి", దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్ళు" ఆ నిర్మాణం కింద మండుతున్న నిప్పును చూపాయి. విద్యార్థులకు నేను చెప్పేది, వీటిని విడివిడిగా చదవవద్దని. కుటుంబాల లెక్క దూబే దగ్గర దొరుకుతుంది, ఆ కుటుంబాల కోపం నవలల్లో దొరుకుతుంది.

ఇక ఆ తరవాతి కథ. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలు విస్తరించాయి. అనాబ్-ఎ-షాహి గుత్తులు హైదరాబాదుకు పేరు తెచ్చాయి. తోట వేయాలంటే పందిరికి, బోరుకు పెట్టుబడి కావాలి. అది ఉన్నవాడు వేశాడు, లేనివాడు అందులో కూలికి పోయాడు. భూగర్భజలం దిగిపోయి భూమి ధర పెరిగాక పంట కంటె పలకరాళ్ళు లాభమయ్యాయి. 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, అది ఉన్నది శామీర్‌పేటలోనే. 1999లో తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ మొదలైంది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఇంకోవైపు జవహర్‌నగర్‌లో నగరమంతటి చెత్త గుట్టయింది. నగరం తన న్యాయశాస్త్రాన్నీ, తన చెత్తనూ ఒకే దిక్కుకు పంపింది. చెరువు ఆదివారం షికారుకు వచ్చేవాళ్ళ చెరువు కూడా అయింది.

తెలంగాణ పల్లెల్లో మశూచి వస్తే పోచమ్మకు మొక్కేవారు. శామీర్‌పేట ఆచారాల వర్ణనలో పోచమ్మకు చోటుంది. డెబ్బయి ఏళ్ళ తరవాత, 2021లో, దేశమంతా వేయించుకున్న కోవాగ్జిన్ తయారైంది ఈ ప్రాంతపు జీనోమ్ వ్యాలీ కంపెనీలోనే. ఇది చిన్న విషయం కాదు, దీన్ని ఎగతాళి చేసే పాత చాదస్తం నాకు లేదు. అయితే ఆ ప్రయోగశాలలో ఎవరు శాస్త్రజ్ఞులు, గేటు దగ్గర ఎవరు కాపలా, లోపల నేల తుడిచేది ఎవరు అన్న లెక్క మళ్ళీ ఆ ఆరు అంశాల దగ్గరికే తీసుకుపోతుంది. పట్టా ఉన్నవాడికి ఎకరం ధర దక్కింది. కౌలుకు దున్నినవాడికి దక్కలేదు, ఎందుకంటే అతని పేరు కాగితంలో లేదు. కల్లమే లేనప్పుడు చాకలికి, కమ్మరికి గింజల వంతు ఎక్కడిది? వెట్టి పోయింది, మంచిదే. దానితోపాటు ఊళ్ళో తన పనికున్న అవసరం కూడా పోయిన కమ్మరి కొడుకు ఏం చేస్తున్నాడు? వెల్డింగ్ షాపు పెట్టాడా, ఆటో నడుపుతున్నాడా, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ అయ్యాడా? ఆడవాళ్ళు నాటు వేసే పని నుంచి అపార్టుమెంట్లలో అంట్లపనికి మారినప్పుడు వాళ్ళ కూలి, నడిచే దూరం, ఇంట్లో మాట విలువ ఎలా మారాయి?

ఈ కథలు రాయడానికి వాగు దాటనక్కర లేదు. సికింద్రాబాదులో బస్సెక్కితే గంటలో చేరవచ్చు.