ఉడుత యెత్తు

2014వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున పోకెమాను వీడియో ఆటల ప్రపంచ పోటీలు జరిగెను. పెద్దల తరగతియందు దక్షిణ కొరియా దేశస్థుడగు సెజున్ పార్కు, కడపటి పోటీలో అమెరికా దేశపు ఆటగానిని ఓడించి విజేత యయ్యెను. ఏటేట నెవరో యొకరు గెలువక తప్పదు గనుక నది వింతగాదు. అతని జట్టులో నొక యుడుత యుండుటయే వింత. ఆ యుడుత యక్కడికి ఏల వచ్చెనో వివరించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ యాటను మన విద్యార్థులలో ననేకు లెరుగుదురు. తల్లిదండ్రులలో దీనిని తెరమీది కోడిపందెమని తలంచువారును గలరు. పైకి జూచిన పోలిక సరిగనే యుండును గాని, ఇందు కత్తి గట్టిన ప్రాణి లేదు, చిందు రక్తమును లేదు. యథార్థముగ నిది చదరంగమునకు దగ్గఱి చుట్టము. పోటీకి వచ్చువాడు ఆఱు కల్పిత జంతువులను దెచ్చుకొనును. ఎదుటివాని యాఱింటిని జూచిన పిమ్మట తనవానిలో నాలుగింటిని ఎన్నుకొని, రెండేసి చొప్పున రంగమున దింపును. చదరంగమున ఒకరి తరువాత నొకరు పావులను జరుపుదురు; ఇందు ఇరువురును తమ యాజ్ఞలను ఒకేసారి, రహస్యముగ నిత్తురు. ప్రతి జంతువునకును నాలుగు ప్రయోగములు, ఒక సహజశక్తి, చేతికిచ్చిన వస్తు వొకటి యుండును. నీరు, నిప్పు, విద్యుత్తు, గాలి మొదలగు 18 టైపులలో నొకటియో రెండో దానికి జెందును. నీటి జంతువునకు విద్యుత్తువలన రెండింతల హాని గలుగును; నీరు, గాలి రెండును జెందిన దానికి నాలుగింతలు.

ఇట్టి యాటలో ప్రవీణులు లెక్కలు గట్టి బలము గల జంతువులనే యేరుకొందురు. ప్రాణబలము, దాడి, రక్షణ, వేగము మొదలగు ఆఱు గుణముల మొత్తము గార్చాంపునకు 600, గయరాడోసునకు 540, పాచిరిసు అను మన యుడుతకు 405 మాత్రమే. జపాను భాషలో రిసు యనగా ఉడుత. పచిపచి యనునది నిప్పురవ్వల చిటపట ధ్వని. 2006లో మొదట గానవచ్చిన యీ జంతువు పిల్లలకు ముద్దుగొలుపునదే గాని ప్రపంచ పోటీలలో దానిని దింపుదురని యెవరును దలంపలేదు.

ఇక పార్కు జట్టును జూడుడు. గార్చాంపు, గయరాడోసు, గార్డెవార్, టాలన్‌ఫ్లేమ్, గోథిటెల్, ఆఱవది పాచిరిసు. ఇందు గయరాడోసునకు నీరు, గాలి రెండును గలవు. కావున విద్యుత్తు తగిలిన నిలువజాలదు. మెగా రూపము దాల్చిన పిమ్మట గాలి పోయి చీకటి వచ్చును, అప్పుడును రెండింతల హాని తప్పదు. టాలన్‌ఫ్లేమ్ నిప్పుపక్షి, దానికిని విద్యుత్తు శత్రువే. గార్చాంపునకు విద్యుత్తు సోకదు గాని అది తన్ను దాను గాచుకొనునే కాని పక్కనున్న వానిని గాపాడలేదు. జట్టునకు గల గండి యిది. ఈ గండిని పూడ్చువా రెవరు?

శత్రువు బాణములను తనవైపునకు ద్రిప్పుకొను ప్రయోగ మొకటి గలదు. దాని పేరు ఫాలో మీ. ఒకని నుద్దేశించి వేసిన దాడి యేదైనను ఆ వంతున ఆ ప్రయోగము చేసిన జంతువు మీదికే మరలును. ఆ యేట ఇట్టి పని చేయుటకు వాడుకలో నున్నవి టోగెకిస్, అమూంగస్. టోగెకిస్ గాలిలో నెగురునది గనుక విద్యుత్తు దానినే గాయపఱచును. అమూంగస్ పుట్టగొడుగు, దానికి నిప్పన్నను గాలియన్నను భయమే, ఆ యేడు నిప్పుపక్షు లెక్కడ జూచినను గలవు. అదిగాక అది చల్లు పొడికి గడ్డి టైపు జంతువులు లొంగవు.

పాచిరిసు విద్యుత్ జంతువు. దాని సహజశక్తి వోల్ట్ అబ్సార్బ్. విద్యుత్ దాడి తగిలిన అది గాయపడదు సరిగదా, ప్రాణబలములో నాలుగవ వంతు తిరిగి పొందును! గయరాడోసును గూల్చవలెనని శత్రువు వేసిన పిడుగు ఉడుతవైపునకు మరలి, దానికి భోజన మగును. ఈలోపల గయరాడోసు వంటి జంతువు, ఒక్క వంతు తీరిక దొరకిన జాలును, డ్రాగన్ డాన్స్ అను ప్రయోగముచే తన దాడిని వేగమును పెంచుకొనగలదు.

ఉడుత బలహీనత మాట యేమి? పార్కు నేర్పంతయు నిచ్చటనే యున్నదని నా యభిప్రాయము. దాని దాడిబలము 45. అట్టి దానికి దాడులు నేర్పిన వృథా. అతడు బలముతో బనిలేని ప్రయోగములనే యిచ్చెను. సూపర్ ఫాంగ్ అనునది కొఱికినవాడు బలవంతుడైనను దుర్బలుడైనను శత్రువునకు మిగిలిన ప్రాణబలములో సగము తీసివేయును. నజిల్ అనునది తగిలిన చాలు, శత్రువునకు పక్షవాతము గలిగించును. ఆనాటి నియమముల ప్రకారము వేగము నాలుగవ వంతునకు బడిపోవును. తక్కినవి ఫాలో మీ, ప్రొటెక్ట్. శిక్షణలో నత్యధిక భాగము ప్రాణబలమునకును దేహరక్షణకును వెచ్చించి, చేతికి సిట్రస్ పండునిచ్చెను. గాయపడినపుడు దానిని దిని ఉడుత మరల నాలుగవ వంతు కోలుకొనును. మన దేశమున ఉడుతాభక్తి యనగా స్వల్ప సేవ. ఈ యుడుత సేవ లేనిచో గయరాడోసు కాలు మోపుటకే జంకవలసియుండెను.

లోపములు లేకపోలేదు. రాక్ స్లైడ్ వలె ఇరువురిపై నొకేసారి బడు దాడులు ఫాలో మీకి మరలవు. భూకంపము ఉడుతకు రెండింతల చేటు. ప్రేత టైపు జంతువులపై సూపర్ ఫాంగ్ పాఱదు. ఇవి యెఱిగియే జట్టును గూర్చవలెను.

దీనికి భిన్నమైన యెత్తు మఱియొకటి గలదు. మొదటి స్థాయిలోనే యున్న రట్టాటా యను ఎలుకకు ఫోకస్ సాష్ అను పట్టీనిత్తురు. ఎంత పెద్ద దెబ్బ తగిలినను ఆ పట్టీవలన ఎలుకకు ఒక్క ప్రాణబిందువు మిగులును. వెంటనే ఎండెవర్ అను ప్రయోగముచే శత్రువును గూడ ఒక్క బిందువునకు దించి, మరుసటి వంతున క్విక్ అటాక్‌తో ముందుగా గొట్టి పడవేయును. చూచువారికి నవ్వు వచ్చును. తొలిసారి శత్రువు దిగ్భ్రమ నొందును. గాని ప్రేత జంతువు నెదుట నిలిపినను, ఇసుకగాలి వీచినను, రెండుమారులు తగులు దాడి వేసినను ఎలుక పని ముగిసినట్లే. అది యొక గారడి. రహస్య మెఱిగినవాని కెదుట మరల సాగదు.

దావీదు వడిసెలతో గొల్యాతును గూల్చిన కథను ఈ విషయమున బలువురు దలంతురు. అందు నాకు ముఖ్యముగ దోచునది, సౌలు కవచమును తొడిగి చూచి, తనకు వాడుక లేదని తీసివేయుట. లోకమునకు వింతగ దోచిన వడిసెల, మందలు గాచిన దావీదు చేతికి నిత్యపరిచితము. ఏటినుండి యతడు నున్నని రాళ్లు అయిదేరుకొనెను, ఒక్కటి గాదు. పార్కు యుడుతయు నట్టిదే. చూచువారికి వింత, అతని జట్టునకు అవసరము.

ఈ భేదము ఇటీవలి సంవత్సరములలో మఱింత స్పష్టమైనది. 2014లో ఎదుటి జంతువుల పేర్లు మాత్రమే ముందుగ దెలిసెడివి. ఇటీవలి పెద్ద పోటీలలో ప్రయోగములు, వస్తువులు, సహజశక్తులు గల జాబితాలను గూడ ఆటగాండ్రు మార్చుకొనుచున్నారు. దాచుటపైనే యాధారపడిన యెత్తులకు ఇందు చోటు తక్కువ. ఉడుత ప్రయోగము లన్నియు ముందే తెలిసినను గయరాడోసుపై విద్యుత్తును బ్రయోగింపనెంచినవానికి చిక్కు చిక్కుగనే యుండును. ఉడుతను ముందు గూల్చవలెనన్న నొక వంతు పోవును, విడిచిపెట్టిన పిడుగు పాఱదు. మన బాలురలో క్రొత్త యెత్తు గట్టదలచినవారు తమ జట్టులోని గండి నొక కాగితముమీద వ్రాసికొని, దానిని పూడ్చు జంతువును పేరు ప్రతిష్ఠలు చూడక వెదకవలెను. పిమ్మట తమ జాబితానంతయు మిత్రుని కిచ్చి ఆడి చూడవలెను. అప్పుడును అది పనిచేసినచో పోటీకి దీసికొని పోవచ్చును.