గంటలోకి దూరిన నీళ్లు

వానాకాలం వెళ్లిపోయాక హ్యామ్ రేడియో స్టేషన్లలో, అంటే సరదా కోసం రేడియో నడిపే ఔత్సాహికుల దగ్గర, తరచూ ఒకే ఫిర్యాదు. బల్ల మీది కంట్రోల్ బాక్స్‌లో మీట నొక్కితే లైటు వెలుగుతుంది, టవరు పైనుంచి సన్నని మూలుగు కూడా వస్తుంది, యాంటెన్నా మాత్రం అంగుళం కదలదు. లేదంటే యాంటెన్నా నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది గానీ, దిక్కు చూపే ముల్లు ఉత్తరం నుంచి దక్షిణానికి, మళ్లీ ఉత్తరానికి గంతులేస్తుంటుంది. రెండింటి వెనకా ఉన్నది నీళ్లే కావచ్చు. యాంటెన్నాను తిప్పే మోటారు పెట్టెలోకి, అంటే రొటేటర్‌లోకి దూరిన నీళ్లు.

దూరదర్శన్ రోజులు చూసినవారికి రొటేటర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. డాబా మీద ఒకరు గొట్టం పట్టుకుని తిప్పుతుంటే, హాల్లోంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" అని కేకలేసేవారు. డాబా మీది మనిషి పనే ఈ యంత్రానిది. ఆ టీవీ యాంటెన్నా, హ్యామ్‌లు టవరెక్కించే యాంటెన్నా ఒక ఇంటివే. 1926లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో షింతారో ఉదా, హిదెత్సుగు యాగి లోకానికి చాటిన యాగి-ఉదా అది. శక్తినంతా ఒక్క దిక్కుకే కూడగడుతుంది కాబట్టి గురి తప్పితే లాభం లేదు. గురి కూడా మనం అనుకునే వైపు ఉండదు. అమెరికా అనగానే పడమర అంటాం. గోళం మీద దగ్గరి దారి లెక్కగడితే హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కు యాంటెన్నా ముఖం ఉత్తరానికి, కాస్త పడమరగా ఉండాలి. ఇక ఉపగ్రహాల సంగతి మరీ కష్టం. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన 42.5 కిలోల హ్యామ్‌శాట్ లాంటివి నెత్తిమీదుగా నిమిషాల్లో దాటిపోతాయి. వాటి వెంట తిరగడానికి పక్కలకు ఒక రొటేటర్, పైకీ కిందికీ మరొకటి కావాలి.

లోకమంతా ఎక్కువగా వాడిన రొటేటర్లలో హ్యామ్-ఫోర్ ఒకటి. కార్నెల్-డుబిలియర్ కంపెనీ మొదలుపెట్టిన ఈ వరసను తర్వాత హైగెయిన్ పేరుతో అమ్మారు. గుడి గంటను బోర్లించినట్టుండే అల్యూమినియం గుల్ల. లోపల 24 వోల్టుల ఏసీ మోటారు, పళ్లచక్రాలు, రెండు వరసల్లో 98 ఉక్కు గోళీలు, గాలికి యాంటెన్నా తిరిగిపోకుండా పట్టి ఉంచే బ్రేకు, దిక్కు కొలిచే 500 ఓముల పొటెన్షియోమీటరు ఉంటాయి. కిందికి దిగే కేబులులో ఎనిమిది తీగలు.

ఇంత గట్టి గుల్లలోకి నీళ్లెలా వస్తాయి? వాన సూటిగా కొట్టి రావడం తక్కువే. ఆ గుల్ల ఊపిరి పీలుస్తుంది. మధ్యాహ్నపు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం జల్లుకు లోహం చల్లబడగానే బయటి తేమగాలి లోపలికి వస్తుంది. రాత్రికి ఆ తేమ, చన్నీళ్ల చెంబు ఒంటి మీద చెమట పట్టినట్టు, లోపలి గోడలకు బొట్లు కడుతుంది. రోజుకు నాలుగు బొట్లే. అయితే ఒక్క వానాకాలంలో ఎన్ని రోజులు! రెండో దారి కేబులు. పైతొడుగు చిట్లితే నీరు తీగల వెంట లోపల్లోపలే పాకుతుంది. అందుకే కేబులును రొటేటర్ దగ్గర కిందికి ఓ వంపు తిప్పి కడతారు, నీటిబొట్టు అక్కడే రాలిపోవాలని.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నీళ్లొచ్చాయని కోపమొచ్చి సందులన్నిటికీ సిలికాన్ పూసేస్తారు. గంట బోర్లా ఉన్నంతకాలం లోపలి తడి దాని అంచు కింది సందులోంచి దిగిపోతుంది. ఆ సందు మూశారా, గంట కాస్తా బిందె అవుతుంది. దాన్ని తలకిందులుగా బిగించినా అదే గతి.

టవరెక్కే ముందు కిందే మల్టీమీటరు పట్టాలి. హ్యామ్-ఫోర్‌లో 3, 7 నంబర్ల తీగల మధ్య దాదాపు 500 ఓములు రావాలి. ఒకటికీ ఎనిమిదికీ, ఒకటికీ నాలుగుకీ మధ్య మోటారు చుట్టలు, చెరో రెండున్నర ఓములు. ఒకటికీ రెండుకీ మధ్య బ్రేకు కాయిలు, ఒక ఓముకు లోపే. వీటికి కేబులు తీగల నిరోధం తోడవుతుందని మరవకూడదు. లెక్కలన్నీ సరిపోయి, మోటారు మూలుగుతూ కదలకపోతే తుప్పుకు బ్రేకు దిమ్మ ఇరుక్కుపోయిందని అనుమానించాలి. ఒక వైపే తిరిగితే చివరకు రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్చినో, తెగిన తీగనో చూడాలి. రెండు వైపులా నీరసంగా తిరిగితే దోషి పైన లేకపోవచ్చు. సీలింగ్ ఫ్యానుకున్నట్టే దీనికీ కండెన్సర్ ఉంటుంది. ఫ్యానుది రెండున్నర మైక్రోఫారడ్లయితే, వోల్టేజి తక్కువైన ఈ మోటారుకు 120 పైనే కావాలి. అది ఉండేది బల్ల మీది బాక్స్‌లో. జన్మలో వాన చూడని ఆ కండెన్సర్ ఎండిపోతే నింద నీళ్ల మీద పడుతుంటుంది.

దించక తప్పదని తేలితే ముందు కరెంటు తీసి, యాంటెన్నా గొట్టాన్ని టవరుకు తాడుతో గట్టిగా కట్టాలి. రొటేటర్ తీసేశాక పట్టుకునే బ్రేకు ఉండదు, చిన్న గాలి చాలు తిరగడానికి. నడుం బెల్టు లేకుండా ఎక్కడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం.

విప్పడంలో మొదటి గండం మరలు. అల్యూమినియంలో దిగిన ఉక్కు మర తడి తగిలితే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తెల్లపొడి చేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా వేగం. తుప్పు వదిలించే నూనె పోసి ఓ రాత్రి ఆగాలి, సుత్తితో బాదితే మర తల విరిగి చేతికొస్తుంది. గంట ఎత్తే ముందు రెండు ముక్కల మీదా కలిపి పెయింటుతో ఓ గీత గీయాలి, బిగించేటప్పుడు దిక్కు తప్పకుండా. కింద పాత దుప్పటి పరవాలి. 98 గోళీలూ మంచాల కిందికి దొర్లాక లెక్క తేలదు.

లోపల గ్రీజు నీళ్లు కలిసి మజ్జిగలా కనిపిస్తుంది. కిరోసిన్‌తో కడిగి, గుంటలు పడ్డ గోళీలను పారేయాలి. మిగిలినవి తుడిచి కొత్త గ్రీజు పల్చగా రాయాలి, ముద్దలు పెడితే బిగుసుకుపోతుంది. మోటారు చుట్టలు తడిస్తే బోరు మోటార్ల వైండింగ్ షాపులో చేసినట్టే నెమ్మదైన వేడిలో పూర్తిగా ఆరబెట్టాలి, తొందరపడి కరెంటిస్తే మాడిపోతాయి. అన్నిటికన్నా సున్నితమైనది పొటెన్షియోమీటరు. అందులో నడిచేది డీసీ, పక్కనే నీళ్లు. రెండూ కలిస్తే వెంట్రుకంత తీగను కొరికేస్తాయి. మసి మాత్రమే పడితే కాంటాక్ట్ క్లీనర్ చాలు. తీగే తెగితే మార్చేయడం మేలు, అతుకు నిలబడదు.

బిగించాక నేల మీదే కంట్రోల్ బాక్స్‌కు కలిపి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి తిప్పి చూడాలి. పూర్తి చుట్టుకు సుమారు నిమిషం పడుతుంది, ముల్లు ఎక్కడా ఉలిక్కిపడకూడదు. మన తీరంలో తుఫాన్లు ముసిరేది అక్టోబరు, నవంబరుల్లో. కాబట్టి ఈ పనంతా సెప్టెంబరులో వాన తెరిపి ఇచ్చిన ఓ ఆదివారం పెట్టుకోండి. సిలికాన్ ట్యూబు ఇంట్లోనే వదిలేయండి.