గురి కుదురుట యింటనే

ఇటీవల అంబరుపేటలో మా పొరుగింటి గృహిణి యొకామె మాయొద్దకు వచ్చి కూర్చుండి, కొంతసేపటికి తన మనసులోని మాట చెప్పెను. ఆమె 13 ఏండ్ల కుమార్తె పిస్తోలు షూటింగు నేర్చుకొందునని పట్టుబట్టుచున్నదట. ఇంటి పెద్దలు "ఆడపిల్లకు తుపాకి యేల?" యని కసురుకొనుచున్నారట. ఆ మాట యటుంచినను, షూటింగు రేంజి నగరమున కావలికొసను గచ్చిబౌలి యొద్ద నున్నది. దినదినము తీసికొనిపోవుట యెట్లు? తూటాల ఖర్చు భరించుట యెట్లు? ఈ ప్రశ్నలు మరికొందరు తల్లులకును కలుగవచ్చును గాన, ఈ విద్యయందలి సాధనక్రమమును గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింప దలచితిమి.

పెద్దల యాక్షేపణకు సమాధానము మన నగరమందే కలదు. ఈషా సింగ్ 2005వ సంవత్సరమున హైదరాబాదులో జన్మించిన బాలిక. తొమ్మిదేండ్ల ప్రాయమున గచ్చిబౌలి రేంజిలో షూటింగును చూచి ముచ్చటపడినది. ఆమె తండ్రి మోటారు ర్యాలీలలో పాల్గొనినవాడు. కూతురి పట్టుదల గ్రహించి, ఇంటియొద్దనే కాగితపు గురులతో చిన్న రేంజి నమర్చి యిచ్చెను. 2018లో తిరువనంతపురమున జరిగిన జాతీయ పోటీలలో ఈ బాలిక 13 ఏండ్లకే పెద్దలతో తలపడి 10 మీటర్ల ఎయిర్ పిస్తోలునందు ప్రథమురాలయ్యెను. ఓడినవారిలో మనూ భాకర్, హీనా సిద్ధూ వంటి ప్రసిద్ధురాండ్రుండిరి. 2023లో చైనాదేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలనుండి ఒక స్వర్ణమును, మూడు రజతములను గొనివచ్చెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ప్రత్యేకముగా పిస్తోలు పోటీ 1984లోనే యేర్పడినది. కావున ఈ విద్య స్త్రీలకు క్రొత్తదియు గాదు, తగనిదియు గాదు.

ఇక సాధన మాట. ఎయిర్ పిస్తోలు పోటీలో 10 మీటర్ల దూరమునుండి 75 నిమిషములలో 60 గుండ్లు కాల్చవలెను. గురి నడిమి వలయము అడ్డముగా 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. నుదుటి కుంకుమబొట్టంత యనుకొనుడు. పిస్తోలును ఒక్క చేతితోనే పట్టవలెను. చూచువారికి గుండు వెడలుటయే విద్యగా దోచును గాని, గుండు వెడలుటకు ముందున్న కొన్ని క్షణములందే విద్య యంతయు నున్నది. పాదములు కుదురుట, చేయి లేచుట, ఊపిరి సగము విడిచి నిలుచుట, చూపు గురిమీద గాక గొట్టపు కొసనున్న సైటుమీద నిలుచుట, మీట మెల్లగా నొక్కబడుట, గుండు వెడలిన పిదపను చేయి యొక క్షణము కదలకుండుట. వీనిలో దేనికిని తూటాతో పనిలేదు.

అందుచేతనే అనుభవజ్ఞులు ఖాళీ పిస్తోలుతో చేయు సాధనకు గొప్ప విలువ నిత్తురు. దీనిని డ్రై ఫైరింగు అందురు. తెల్లగోడ కెదురుగా నిలిచి, గురి యేదియు లేకుండ, సైటు చలింపకుండ మీట నొక్కుటయే ఇందలి పని. తూటా ప్రేలునప్పుడు చేయి యదరి, తప్పు మరుగుపడును. ఖాళీ పిస్తోలునందు తప్పు దాగదు. ముగ్గు పెట్టు చేతిని తలచుకొనుడు. వ్రేళ్లు మాత్రమే పిండిని వదలుచుండవలెను. నడుమ మణికట్టు వణకినచో గీత వంకరపోవును. పిస్తోలునందును చూపుడువ్రేలు మాత్రమే కదలి తక్కిన చేయి రాయివలె నుండవలెను. ఇది దినమునకు పావుగంట చొప్పున నెలలతరబడి చేసిన గాని అబ్బదు. ఆదివారమున నాలుగు గంటలు చేసి తక్కిన దినములు మానుటవలన లాభము స్వల్పము.

మరియొక రహస్యము కలదు. ఎనిమిది, పది క్షణములు గడచినను గురి కుదరనిచో, పంతముతో మీట నొక్కక చేయి దించి మరల మొదలిడవలెను. దించుటయు ఒక విద్యయే. దానినిగూడ ఇంటియందే అభ్యసింపవలెను.

25 మీటర్ల పోటీలో వేగపు భాగమొకటి కలదు. చేయి క్రిందికి వంచి నిలిచి, సంకేతము కాగానే మూడు క్షణములలో ఎత్తి ఒక గుండు కాల్చవలెను, ఏడు క్షణముల పిమ్మట మరల సంకేతము, ఇట్లు అయిదుమారులు. తల్లి గడియారము చేతబట్టి లెక్కబెట్టినచో ఈ యభ్యాసము ఇంటనే సాగును.

ప్రాక్టికల్ షూటింగని వేరొక పోటీ కలదు. దాని యంతర్జాతీయ సమాఖ్య 1976లో అమెరికాలోని కొలంబియా నగరమున నేర్పడినది. అందు ఒరనుండి పిస్తోలు తీయుట, నడచుచు కాల్చుట, తూటాల పెట్టె మార్చుట యుండును. అచ్చటను నియమ మిదియే: ఒక్కొక్క కదలికను విడదీసి, మొదట మెల్లగా తప్పులేకుండ చేసి, పిదప వేగము పెంచవలెను. తప్పుతో వేగము నేర్చినచో ఆ తప్పే యలవాటగును. కదలునప్పుడు వ్రేలు మీటపై నుండినను, గొట్టము వెనుకకు తిరిగినను, పోటీనుండియే తొలగింతురు.

ఇచ్చట తల్లు లెన్నడును మరువరాని మాట: ఖాళీయని తలచిన పిస్తోలును తెరచి రెండుమారులు చూడనిదే ముట్టరాదు. సాధన చేయు గదిలో తూటా యొక్కటియు నుండరాదు. గొట్టమును మనుష్యులవైపు త్రిప్పరాదు. తుపాకి మందుతో ప్రేలు పిస్తోళ్లకు 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు వలయును. కొన్ని పిస్తోళ్లు ఖాళీగా నొక్కినచో లోపల చెడును. వానికి ఉత్తుత్తి తూటా వాడవలెను. పిల్లలు గురువో పెద్దలో దగ్గర లేనిదే పిస్తోలు పట్టరాదు.

చివరకు ఓటమి మాట. ఈషా సింగ్ 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు 25 మీటర్ల పోటీలో 600కు 581 పొంది 18వ స్థానమున నిలిచి, ఫైనలు చేరజాలకపోయెను. మరుసటి సంవత్సరము కైరోలో జరిగిన ప్రపంచ పోటీలలో అదే విభాగమున కాంస్యము గెలిచెను. అందుచేత పిల్లలు దినదినము ఒక పుస్తకములో ఎన్ని పదులు వచ్చెనని గాక, ఏ కదలిక చెడినదని వ్రాసికొనుట మేలు. రేపటి సాధన ఆ చెడినదానితోనే మొదలిడవలెను.

మా పొరుగింటామెకు మేము చెప్పిన దింతియే. వారమునకొకమారు రేంజికి తీసికొనిపోయి గురువునకు చూపుడు. తక్కిన దినములు ఇంటియొద్ద నిలుకడ నేర్పుడు. పిస్తోలు కొనువరకు లీటరు నీళ్లసీసా చాలును. ఆమె మారు పలుకక వెడలిపోయెను. ఇప్పుడు సాయంకాలములందు వారి డాబామీదినుండి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కబెట్టుచున్న తల్లి గొంతు మాకు వినబడుచున్నది.