పెట్రోల్ ఆటో, బ్యాటరీ ఆటో.. కీ తిప్పితే లోపల ఏం జరుగుతుంది?

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే పెట్రోల్ ఆటోనే తీసుకోండి. స్టార్ట్ చేయగానే ఇంజిన్ తిరుగుతుంది. ప్యాసింజర్ల కోసం ఆగినా, ఆఫ్ చేయకపోతే పెట్రోల్ కాలుతూనే ఉంటుంది.

బ్యాటరీ ఆటో అలా కాదు. కీ ఆన్ చేసినా సౌండ్ రాదు. యాక్సిలరేటర్ తిప్పితేనే మోటార్‌కు కరెంట్ వెళ్తుంది. బండి ఆగితే మోటారూ ఆగుతుంది. అందుకే ఇంటింటికీ ఆగే పనికి ఇవి బాగా పనికొస్తాయి. 2023 జూన్‌లో చెత్త సేకరణకు రాష్ట్రంలోని 36 మున్సిపాలిటీలకు 516 ఈ-ఆటోలు ఇచ్చారు.

మైనస్ కూడా ఉంది. పెట్రోల్ నిమిషాల్లో కొట్టించుకోవచ్చు, చార్జింగ్‌కు మాత్రం గంటలు పడుతుంది.

డ్రైవర్లూ జాగ్రత్త! సౌండ్ లేదని బండి ఆఫ్ అయిందనుకోవద్దు. గేర్ సెలెక్టర్ న్యూట్రల్‌లో లేనప్పుడు పిల్లలు యాక్సిలరేటర్ తిప్పితే ఆటో ఒక్కసారిగా కదులుతుంది. దిగేముందు హ్యాండ్ బ్రేక్ వేసి, కీ తీసేయండి.