నగరపు బట్టీలు – వాటి ముందర నిలిచే చేతులు

జిల్లాల నుండి మా విద్యార్థులను చూడటానికి వచ్చే తల్లిదండ్రులు తిరుగు ప్రయాణానికి ముందు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: “మౌలానా సాబ్, హైదరాబాదులో మంచి బేకరీ ఏది? ఇంటికి ఏం తీసుకువెళ్ళమంటారు?” ముప్ఫై ఏళ్ళుగా ఈ నగరంలో పాఠాలు చెప్పుకొంటున్న మాకు ఈ ప్రశ్న ఇష్టమైనదే. అయితే ఒక్క పేరు చెప్పి ఊరుకోవటం న్యాయం కాదు. ఒక్కొక్క బట్టీకి ఒక్కొక్క విద్య ఉన్నది. ఆ విద్య ఎక్కడ సజీవంగా ఉన్నదో చెప్పటమే సరైన జవాబని మా అభిప్రాయం.

అన్నిటికన్నా ముందు పురానీ హవేలీ వైపు వెళ్ళాలి. అక్కడి మున్షీ నాన్ దుకాణం 1851లో ప్రారంభమైనది. అప్పటికి నాల్గవ నిజాం నాసిరుద్దౌలా పరిపాలన నడుస్తున్నది. స్థాపకుడు దర్బారులో మున్షీగా పని చేసినవాడు కావటం వల్ల దుకాణానికి ఆ పేరు స్థిరపడింది. ఇక్కడి నాన్ గుండ్రంగా ఉండదు. నాలుగు మూలలతో చతురస్రంగా ఉంటుంది. అందుకే దాన్ని చార్‌కోనీ నాన్ అంటారు. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. నిహారీలోనో పాయాలోనో ముంచితే రసాన్ని పీల్చుకుంటుంది గాని విరిగిపోదు. పెళ్ళి విందుల కొరకు వందల సంఖ్యలో ముందుగా చెప్పి చేయించుకుపోవటం పాతబస్తీ కుటుంబాలలో తరతరాల అలవాటు.

చార్మినార్ పక్కనే, మక్కా మసీదుకు దగ్గరగా నిమ్రా కేఫ్ అండ్ బేకరీ ఉన్నది. ఇది 1993లో వెలసినది; నగరపు వయసుతో పోలిస్తే నిన్నటి దుకాణం. అయినా ఉస్మానియా బిస్కెట్టును వేడిగా, బట్టీ నుండి తీసిన పళ్ళెంలోంచే తినాలనుకునేవారు ఇక్కడికే వస్తారు. ఉప్పు, తీపి రెండూ ఒకే ముక్కలో కలిసి ఉండటం ఈ బిస్కెట్టు లక్షణం. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కొరకు దీనిని మొదట తయారు చేశారని ఒక కథనం, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇష్టపడి తిన్నాడని మరొక కథనం వాడుకలో ఉన్నాయి. ఏది నిజమైనా ఇరానీ చాయ్ లేకుండా దీని రుచి పూర్తి కాదన్నది మాత్రం అందరూ ఒప్పుకొనే మాట. చాంద్ బిస్కెట్టు, టై బిస్కెట్టు, ఖారా బిస్కెట్టు కూడా అక్కడ చూడదగినవే.

నాంపల్లిలోని సుభాన్ బేకరీ పేరు వినగానే దమ్ కా రోట్ గుర్తుకు వస్తుంది. రవ్వ, గోధుమపిండి, చక్కెర, నెయ్యి, బాదంపప్పు, కుంకుమపువ్వుతో చేసే ఈ మందపాటి రొట్టె మొహర్రం నెలలో నగరమంతటా దొరుకుతుంది. మొక్కుల ఆచారం గురించి మా అభిప్రాయం వేరు. దానిని చర్చించటం ఇక్కడ మా ఉద్దేశం కాదు. రోట్ మాత్రం నిదానంగా కాలితేనే రుచిస్తుంది. మంట తొందరపడితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. ఓర్పు అంటే ఏమిటో పిల్లలకు చెప్పవలసి వస్తే మేము ఈ రోట్‌నే ఉదాహరణగా తీసుకుంటాము.

మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టినది. దాని ఎదుట 1953లో ఖాన్‌చంద్ రామ్నానీ అనే సింధీ శరణార్థి కరాచీ బేకరీని తెరిచాడు. విభజన కాలంలో ఇల్లూ ఊరూ విడిచి వచ్చినవాడు, పోగొట్టుకున్న నగరం పేరునే దుకాణానికి పెట్టుకున్నాడు. ఎండు పండ్ల ముక్కలు వేసిన అతని ఫ్రూట్ బిస్కెట్టు హైదరాబాదు గుర్తుగా దేశమంతా తిరిగింది. అయినా 2019లో బెంగళూరులోనూ, 2025 మే నెలలో శంషాబాదులోనూ ఆ పేరు కారణంగానే కొందరు ఆ దుకాణాలపైకి వెళ్ళారు. ఆ పేరులో ఉన్నది శత్రుత్వం కాదు, ఒక వలసజీవి దుఃఖం. ఒక హిందూ కుటుంబం చేసే బిస్కెట్టు మా ఇళ్ళలో ఈద్ నాడు అతిథుల ముందుకు వస్తుంది. నాన్‌బాయీ చేసిన నాన్ అన్ని మతాల వారి విందులకు పోతుంది. ఈ నగరం ఇంతకాలం కలిసి బతికినది ఇలాగే.

లక్డీకాపూల్ దగ్గరి కేఫ్ నీలోఫర్‌ను కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు అక్కడ పనివాడిగా చేరిన బాబూరావు తరువాత దానికే యజమాని అయ్యాడు. దగ్గరి ఆసుపత్రుల రోగులకు, వారి బంధువులకు ఉచితంగా ఆహారం పంచుతాడని నగరమంతా చెప్పుకొంటుంది. బన్ మస్కా రుచితో పాటు ఈ మాట కూడా గుర్తుంచుకోదగినది.

పేర్లు తెలిస్తే సరిపోదు, పరీక్షించటమూ తెలియాలి. గృహిణులకు మా సూచనలు నాలుగు. మొదటిది: మంచి వెన్నతో చేసిన బిస్కెట్టు నోటిలో కరిగిపోతుంది, వనస్పతితో చేసినది తరచు అంగిటికి మైనంలా అంటుకుంటుంది. నూనెలు, కొవ్వులలో పారిశ్రామిక ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించరాదని 2022 జనవరి నుండి దేశంలో నియమం ఉన్నది. కనుక ఏ కొవ్వు వాడారని అడగటం మీ హక్కు. రెండవది: తూకంలో అట్టపెట్టె బరువు కలపకుండా చూడండి. ఖుర్ఆన్‌లో ‘ముతఫ్ఫిఫీన్’ అధ్యాయం తూకంలో మోసం చేసేవారి పేరుతోనే ఉన్నదని వ్యాపారులకు గుర్తు చేయటంలో తప్పు లేదు. మూడవది: కేకులలో జెలటిన్ వాడారేమో, వాడితే దేని నుండి తీసినదో అడగండి. నాల్గవది: పిల్లలకు బిస్కెట్టు అప్పుడప్పుడూ ఇచ్చే కానుకగానే ఉండాలి, రోజూ పెట్టే అన్నంగా మారకూడదు.

ఇక అసలు మాట. బట్టీ ముందు నిలిచే మనిషి గురించి మనం తక్కువ ఆలోచిస్తాము. తెల్లవారి నాన్ కావాలంటే అర్ధరాత్రి దాటగానే ఎవరో పిండి కలపాలి. తందూరులోకి వంగి ముద్దను గోడకు అతికించే చేతిపై వెంట్రుకలు నిలవవు. రమజాన్‌లో ఉపవాసముండి ఆ వేడి ముందు నిలబడేవారిని మేము ఎరుగుదుము. మా వద్ద చదివే ఒక నాన్‌బాయీ కుమారుడిని పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే, “బట్టీ దగ్గరికి మాత్రం రావద్దని అబ్బా చెప్పారు” అన్నాడు. ఆ తండ్రి కోరికలో తప్పు వెతకలేము. ఆ కోరిక నెరవేరితే మాత్రం ఆ విద్య అతనితోనే ఆగిపోతుంది.

దానికి తోడు పాతబస్తీ మెట్రో మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షాలిబండ మీదుగా నిర్ణయమైంది. రోడ్డు వెడల్పు కొరకు ఆ దారిలో కట్టడాలను తొలగించవలసి వచ్చింది. మెట్రో పేదవారి ప్రయాణానికి మేలు చేసేదే, మేము దానిని వ్యతిరేకించము. కాని తందూరును బల్లలా ఎత్తి మరొక చోట పెట్టలేరు. దాని చుట్టూ ఉన్న పనివారు, ఎరిగిన గిరాకీ, నిలకడైన అద్దె కలిసి ఉంటేనే అది నిలుస్తుంది. పరిహారం లెక్కించేవారు గోడల కొలతలతో పాటు ఈ సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.

మనం చేయగలిగినదీ కొంత ఉన్నది. వెయ్యి రూపాయల కేకు దగ్గర పలకని నోరు నాన్ ధర రూపాయి పెరిగితే బేరమాడటం మానాలి. పెళ్ళిళ్ళకు యంత్రపు రొట్టెలకు బదులు నాన్‌బాయీకి పని చెప్పాలి. డబ్బు ఆలస్యం చేయకుండా ఆ రోజే చెల్లించాలి. బయట ఊళ్ళ నుండి వచ్చేవారు పెట్టె కట్టించుకొని వెళ్ళేముందు ఒక్కసారి లోపలి బట్టీ వైపు చూసి, అక్కడ ఉన్నవారికి సలాం చెప్పండి. మంచి బేకరీ ఏదన్న ప్రశ్నకు సగం జవాబు మీకు అక్కడే దొరుకుతుంది.