ఏ పంచాంగంలోనూ లేని ఏడాది

కోఠి (హైదరాబాద్): చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికో, సుల్తాన్‌బజార్ కాన్పుల ఆసుపత్రికో కోఠి వచ్చే పల్లెవాసులకు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని పాత రెసిడెన్సీ తెలిసే ఉంటుంది. 1800 దాటిన తొలి ఏళ్లలో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన ఆ భవనానివి మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు. మధ్యాహ్నపు ఎండ అంత గోడ దాటి లోపలికి చేరేసరికి పొద్దు వాలిపోతుంది. పలుచని శ్లాబు ఇంట్లోనైతే సాయంత్రానికే ఉడుకు మొదలు.

నేడు పెద్ద భవనానికి గోడ ఎంత మందం ఉండాలి, కిటికీ ఎటు పెట్టాలి, కరెంటు ఎంత కాలుతుంది అన్నది ఇంజనీర్లు ముందే కంప్యూటర్‌పై లెక్క కడతారు. అందుకు ఎండ, గాలి, తేమ వివరాలు గంట గంటకూ కావాలి. ఏడాదికి 8,760 గంటలన్నమాట.

అయితే ఏ ఏడాదివి తీసుకోవాలి? 2015 మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు నీట మునిగాయి. అలాంటి ఏళ్లను నమ్మి ఇల్లు కట్టలేరు. పోనీ అన్నింటికీ సగటు తీద్దామంటే మండే రోజు, ముసురు రోజు కలిసిపోయి రెండూ కాని రోజులే మిగులుతాయి.

అందుకని ఇరవై ముప్పై ఏళ్ల రికార్డులు ముందేసుకుని, జనవరులన్నింటిలో మామూలు జనవరికి దగ్గరగా ఉన్నదాన్ని ఏరుతారు. ఫిబ్రవరి మరో ఏడాదిది కావచ్చు. పాత ఇళ్ల తలుపులు ఏరి కొత్త ఇంటికి బిగించినట్లు పన్నెండు నెలలనూ అతికి ఒక ఏడాది చేస్తారు. అమెరికాలో 1970లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. మన దేశంలో ఏసీ ఇంజనీర్ల సంఘం ‘ఇష్రే’ పలు నగరాలకు ఇలాంటివి తయారు చేయించింది. హైదరాబాదుకు బేగంపేట విమానాశ్రయం కొలతలే ఆధారం.

చిక్కల్లా ఇక్కడే ఉంది. విమానాశ్రయం బయలు నేల. కోఠి సందుల్లో సిమెంటు, తారు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. పైగా మామూలు ఏడాది కరెంటు బిల్లుకు సరిపోతుంది గానీ, వార్డులో బాలింతకు, పసిగుడ్డుకు ప్రాణగండం 2015 మే వంటి నెలతోనే. గడ్డు ఏడాదికి వేరే లెక్క, రాబోయే ఏళ్ల వేడిని కలిపి మరో లెక్క వేసే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. ఆసుపత్రి కట్టేవారు అడగవలసింది వాటినే.

ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు మాత్రం యజమాని ఇష్టానికే వదిలేశారు.