ఒక నెల వాన – మూడు లెక్కలు: డిచ్‌పల్లి, ఆర్మూరు ప్రాంత జలస్థితిని అర్థం చేసుకునే విధానం

ప్రతి నెలా వర్షపాతం, జలాశయ నీటిమట్టం, భూగర్భజలమట్టం అనే మూడు రకాల గణాంకాలు విస్తరణ శాస్త్రవేత్తల చేతికి అందుతాయి. మూడూ ఆశాజనకంగా కనిపించినప్పుడు యాసంగికి నీటి కొరత ఉండదని భావించడం సహజం. అయితే ఇవి ఒకే నీటిని మూడుసార్లు కొలిచిన అంకెలు కావు. వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో కదిలే నీటికి సంబంధించిన వేర్వేరు లెక్కలు. నిజామాబాద్ జిల్లాలోని డిచ్‌పల్లి, ఆర్మూరు ప్రాంతంలో ఈ తేడాను గుర్తించకుండా ఇచ్చే సలహా ముందుగా దెబ్బతీసేది బోరుబావి కింద సాగయ్యే పసుపునే. ఈ విషయాన్ని 2023 వానాకాలం ఉదాహరణగా ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

వర్షపాతం: మొత్తం కన్నా పంపిణీ ముఖ్యం

2023 జూలై 24, 25 తేదీలలో ఆర్మూరు పక్కనే ఉన్న వేల్పూరులో ఒక్క రోజు వ్యవధిలో దాదాపు 46 సెం.మీ. వర్షం కురిసింది. భారత వాతావరణ శాఖ వర్గీకరణ ప్రకారం రోజుకు 20.4 సెం.మీ. దాటితేనే అత్యంత భారీ వర్షం. జిల్లా వార్షిక సాధారణ వర్షపాతం సుమారు 1,000 మి.మీ. కాగా, అందులో దాదాపు సగం ఒక్కరోజులో పడిందన్నమాట. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. సాధారణం కన్నా 36 శాతం లోటు ఏర్పడింది. సెప్టెంబరులో మళ్ళీ 13 శాతం అధిక వర్షం కురిసింది. చివరకు దేశవ్యాప్తంగా నాలుగు నెలల వర్షపాతం సాధారణంలో 94 శాతంగా తేలింది. ఈ చివరి అంకెలో జూలై వరద గాని, ఆగస్టు బెట్ట గాని కనిపించవు.

ఎకరం నేలపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 40 వేల లీటర్లు. ఆ లెక్కన 46 సెం.మీ. వాన అంటే ఎకరానికి 18 లక్షల లీటర్లకు పైమాటే. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర చల్క నేల గంటకు రెండు మూడు సెంటీమీటర్ల నీటిని ఇముడ్చుకోగలదు. నల్లరేగడి ఆ వేగంలో కొద్ది భాగాన్నే అందుకుంటుంది. అప్పటికే తడిసి ఉన్న నేలలో ఈ వేగం ఇంకా తగ్గుతుంది. మిగిలినదంతా వాగుల్లోకి, చెరువుల్లోకి, అక్కడి నుండి గోదావరిలోకి పోతుంది. చెరువు నిలబడితే ఆ నీరు నెమ్మదిగా ఇంకుతుంది. గండిపడితే అదీ ఉండదు. కనుక నెల మొత్తంతో పాటు 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిసిన వర్షపు దినాల సంఖ్యను, రెండు వానల మధ్య బెట్ట కాలాన్ని తప్పక నమోదు చేయాలి.

నది: ఇతర ప్రాంతాల వానకు ప్రతిబింబం

మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలిసే కందకుర్తి వద్ద గోదావరి తెలంగాణలో ప్రవేశిస్తుంది. శ్రీరాంసాగర్‌కు చేరే నీటిలో అధిక భాగం మహారాష్ట్ర పరీవాహక ప్రాంతానిది. అందువల్ల జలాశయం నిండడం ఎగువన కురిసిన వానకు గుర్తే గాని, డిచ్‌పల్లి పొలాల్లో తేమకు గుర్తు కాదు. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం బాబ్లీ బరాజ్ గేట్లను ఏటా జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచాలి. జూలై ఇన్‌ఫ్లోను పరిశీలించేటప్పుడు దీనినీ దృష్టిలో ఉంచుకోవాలి.

విద్యార్థులు తరచూ చేసే మరో పొరపాటు నీటిమట్టాన్ని నీటి పరిమాణంగా భావించడం. శ్రీరాంసాగర్ పూర్తిస్థాయి మట్టం నాడూ నేడూ 1,091 అడుగులే. కాని తొలుత 112 టీఎంసీలుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల సుమారు 80 టీఎంసీలకు తగ్గింది. అదే మట్టం వద్ద నేడు ఉన్న నీరు తక్కువ. ఇన్‌ఫ్లోను లెక్కించడానికి ఒక సూత్రం గుర్తుంచుకుంటే చాలు: 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ.

నిండిన జలాశయం వల్ల ఈ ప్రాంతానికి ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. గుత్ప, అలీసాగర్ ఎత్తిపోతల పథకాలు నడిచినప్పుడు నిజాంసాగర్ చివరి ఆయకట్టుకు నీరందుతుంది. కాలువల వెంట, చెరువుల కింద బావులు ఊరుతాయి. ఆ పరిధికి వెలుపల ఉన్న బోరుకు మాత్రం తన చుట్టుపక్కల ఇంకిన వానే ఆధారం.

భూగర్భజలం: చిన్న పాత్రలో వేగంగా మారే మట్టం

ఇక్కడి భూగర్భం ప్రధానంగా గ్రానైటు, నైసు శిలలమయం. నీరు నిలిచేది శిథిలమైన పై పొరలోను, దాని కింది పగుళ్ళలోను మాత్రమే. ఈ పొర తన ఘనపరిమాణంలో బావికి వదలగలిగే నీరు సుమారు రెండు శాతం అనుకుందాం. అప్పుడు మట్టం ఒక మీటరు పెరిగితే చేరిన నీరు 20 మి.మీ. మాత్రమే. బంకమన్ను తక్కువగా ఉన్న శిథిల గ్రానైటులో వర్షపాతంలో సుమారు 11 శాతం భూగర్భానికి చేరుతుందని జాతీయ అంచనా పద్ధతిలో పరిగణిస్తారు. అంటే 1,000 మి.మీ. వానకు 110 మి.మీ.; మట్టంలో అయిదున్నర మీటర్ల పెరుగుదల. ఆ పెరుగుదల పీజోమీటర్‌లో ఘనంగా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న నీరు మాత్రం 11 సెంటీమీటర్లే.

ఈ మట్టం వానతో పాటే పెరగదు. ఇంకిన నీరు శిథిల పొరకు చేరడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆగస్టు వంటి బెట్టలో పైన పంట వాడుతున్నప్పుడు కింద మట్టం ఇంకా పెరుగుతూ ఉండవచ్చు. అదే సమయంలో మోటార్లు నడవడం మొదలైతే, యాసంగి కోసం నిలవాల్సిన నీరు వానాకాలంలోనే ఖర్చవుతుంది.

పసుపు, వరి: నిర్ణయం ఎక్కడ తప్పుతుంది

జూన్ నాటికి నాటిన పసుపుకు జూలైలో నీరు నిలిస్తే దుంపకుళ్ళు ముప్పు. ఆగస్టులో తేమ తగ్గితే పెరుగుదల కుంటుపడుతుంది. దుంప ఊరే దశకు కావలసిన తడులు వానలు వెనుదిరిగిన తర్వాత బావి నుండే రావాలి. డ్రిప్పు కింద రోజుకు 4 మి.మీ. చొప్పున రెండు నెలలకు 240 మి.మీ. అవసరమనుకుంటే, ఎకరం పసుపుకు రెండు ఎకరాలకు పైగా నేలలో ఇంకిన వాన కావాలి.

అదే బోరు కింద యాసంగి వరికి సుమారు 1,200 మి.మీ. నీరు పెడతారు. అందులో సగం తిరిగి భూమిలోకి ఇంకుతుందని ఉదారంగా లెక్కించినా నికర వినియోగం 600 మి.మీ. అంటే ఎకరం వరికి అయిదు ఎకరాలకు పైగా విస్తీర్ణంలో ఇంకిన ఏడాది వాన ఖర్చవుతుంది. జూలైలో “అత్యధికం” అన్న మాటను చూసి బోర్ల కింద వరి విస్తీర్ణం పెంచితే, పక్క చేనిలో పసుపు తవ్వకానికి రాకముందే బావి మట్టం పడిపోతుంది. ఒక రైతు నాటిన వరి నష్టాన్ని మరో రైతు పసుపు భరించాల్సి వస్తుంది.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. నెలవారీ వర్షపాతాన్ని మండల మొత్తంగానే కాక, వర్షపు దినాలు, ఒక్కరోజు గరిష్ఠం, బెట్ట దినాలతో కలిపి తెలపాలి.

2. గ్రామాన్ని కాలువ లేదా ఎత్తిపోతల పరిధి, చెరువు కింద, కేవలం బోరు అనే మూడు తరగతులుగా విభజించి, జలాశయ సమాచారాన్ని మొదటి తరగతికే అన్వయించాలి.

3. బోరు కింద యాసంగి సలహాను జూలై వానపై గాక నవంబరు భూగర్భజలమట్టంపై ఆధారపడి ఇవ్వాలి. దానిని అదే బావిలో మే నెల మట్టంతో పోల్చి, మీటర్లను మిల్లీమీటర్ల నీటిగా మార్చి రైతుకు చెప్పాలి.

4. పసుపు ఉన్న బోర్ల చుట్టూ ఆరుతడి పంటలను ప్రోత్సహించాలి. కొత్త వరి విస్తీర్ణాన్ని సూచించే ముందు ఇప్పటికే నిలిచి ఉన్న పసుపుకు కావలసిన నీటిని పక్కన పెట్టాలి.

వాన గంటల్లో కురుస్తుంది, నది రోజుల్లో పారుతుంది, భూగర్భజలం నెలల తరబడి ఖర్చవుతుంది. పంట ప్రణాళిక ఈ మూడింటిలో నెమ్మదైన దానిని, అన్నిటికన్నా చిన్నదైన నిల్వను అనుసరించినప్పుడే నిలకడగా ఉంటుంది.